మోర్మన్ల గురించి ఎవరు చెప్పారండీ?

కోనసీమ వెళ్లొచ్చిన ప్రతివాడూ కొబ్బరిచెట్ల గురించి రాస్తాడు. నేను రాయను. కొబ్బరిచెట్టు ఎలా ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఆ చెట్ల మధ్య ఐదు రోజులు తిరిగింది వేరే పని మీద. మోర్మన్లు అనే మతస్థుల గురించి నిజం తెలిసిన మనిషి ఒక్కరైనా దొరుకుతారేమోనని తిరిగాను. అబద్ధాన్ని ఎంత మర్యాదగా, ఎంత ప్రేమగా చెప్పవచ్చో మాత్రం నేర్చుకుని వచ్చాను. మా గుంటూరులో అబద్ధం చెప్పేవాడు కనీసం గొంతు పెంచుతాడు. అక్కడ కుర్చీ వేసి, బొండం కొట్టించి, పేరు పేరునా ఇంట్లోవాళ్ల క్షేమం అడిగి మరీ చెబుతారు.

అసలు సంగతి ఇది. మా చెల్లెలు కమలను కొత్తపేట ఇచ్చాం. ఆమె భర్త, అంటే మా బావ, చాలా ఏళ్లుగా కువైట్‌లో ఏసీ మెకానిక్. వాళ్లకి ఒక్కతే కూతురు, లావణ్య. అమలాపురంలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో ప్రవీణ్ అనే కుర్రాడితో పరిచయమై, పెళ్లి చేసుకుంటే అతన్నే అంటోంది. అతనిది రాజోలు దగ్గర పల్లెటూరు, పని రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేయడం. పుట్టింది హిందువుగానే. రాజమండ్రిలో చదువుకుంటూ మోర్మన్లలో కలిశాడు. మా బావ "క్రిస్టియనా?" అని ఏడాది అలిగి, కూతురి మొండితనం ముందు చివరికి దిగొచ్చాడు. అంతా కుదిరిందనుకునే సమయానికి బావ వాళ్ల అన్నయ్య సత్తిరాజు గారు కువైట్‌కి ఫోన్ చేసి, మోర్మన్లంటే మామూలు క్రిస్టియన్లు కాదని, వాళ్లలో మగవాడికి ముగ్గురేసి పెళ్లాలని చెప్పారు.

బావ నాకు ఫోన్ చేశాడు. "బావగారూ, మీరు చదువుకున్నోరు. పరీక్షల పుస్తకాలు రాసినోరు. మీరే వెళ్లి కనుక్కోండి. ఆదివారం ఫోన్ చేస్తాను. మీరు అవునంటే అవును, కాదంటే కాదు."

చెప్పొద్దూ, నాకు గర్వంగానే అనిపించింది. నేను చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరర్ని. పోటీ పరీక్షలకు వెళ్లే పిల్లల కోసం బిట్ బ్యాంకులు కూడా రాశాను. నాలుగు జవాబులిచ్చి సరైనది ఎన్నుకోమనే ప్రశ్నలు, వేలకు వేలు. నిజం కనుక్కోవడానికి నాకంటే తగిన మనిషి మా ఇంటావంటా లేడని నేనూ అనుకున్నాను.

కొత్తపేట

బుధవారం మధ్యాహ్నానికి చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఆవపెట్టిన పనసపొట్టు కూర వడ్డించింది. అందరూ మెచ్చుకునే కూర. నాకు మాత్రం ఎవరో కారం వెయ్యడం మరచిపోయారనిపించింది. పక్కింటావిడ నా కోసం ఆత్రేయపురం పూతరేకులు పట్టుకొచ్చింది, పెట్టె మూడు వందలట. కాగితం నమిలే సరదాకి మూడు వందలు ఎక్కువే. ఆ మాట పైకి అనలేదు. చుట్టూ "తినండి, ఇంకోటి తినండి" అనేవాళ్లు నలుగురు నిలబడ్డాక ఎవడైనా ఏమనగలడు?

ఫోన్‌లో వెతకడం నేను గుంటూరులోనే అయ్యిందనిపించాను. వీడియోలు రెండు రకాలు. మోర్మన్లు పెట్టినవాటిలో అందరూ నవ్వుతూనే ఉంటారు. తల్లి నవ్వుతుంది, పిల్లలు నవ్వుతారు, కుక్క కూడా సంతోషంగానే ఉంటుంది. వాళ్లంటే గిట్టనివాళ్లు పెట్టినవాటిలో వెనకాల డప్పులు మోగుతుంటాయి, ఎర్ర బాణాలు ఎగురుతుంటాయి. అమ్మేవాడి మాటా, పోటీ కొట్టువాడి మాటా వింటే సరుకు సంగతి తెలియదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరేం చెప్పినా, "మీకెవరు చెప్పారండీ?" అని అడగాలి. ఆ చెప్పినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. అక్కడ మళ్లీ అదే అడగాలి. ఎక్కడో ఒకచోట కళ్లారా చూసినవాడు దొరకాలి కదా.

సాయంత్రం లావణ్య డ్యూటీ నుంచి వచ్చింది. కాళ్లు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"మావయ్యా, ప్రవీణ్ చెప్పింది నమ్మకు. నేను చెప్పిందీ నమ్మకు. నువ్వే కనుక్కో. అలాంటిది నిజంగా ఉందని నువ్వంటే, నాన్న అనక్కర్లేదు, నేనే మానేస్తాను."

"అంత నమ్మకమేంటే నా మీద?"

"నీ పుస్తకాలు చదివే కదా మావయ్యా మా బ్యాచ్‌లో ఇద్దరికి ఉద్యోగాలొచ్చేయి" అంది. వంటింట్లోంచి కమల ముక్కు చీదడం వినిపించింది. కూతురు రెండు వారాలుగా సరిగ్గా తినడం లేదని తర్వాత చెప్పింది.

అంబాజీపేట

గురువారం పొద్దున్నే సత్తిరాజు గారి దగ్గరికి బయలుదేరాను. ఆయనది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. ముందు సెంటర్లో పొట్టెక్కలు తిన్నాను. పనసాకుల బుట్టలో పిండి పోసి ఆవిరి పెడతారు, అంతే. ఇడ్లీకి ఆకు చొక్కా తొడిగి ఊరికి పేరు తెచ్చుకున్నారు. అయితే నేను రెండో ప్లేటు కూడా తిన్నానని ఇక్కడే ఒప్పుకుంటాను, ఎలాగూ చెల్లెలు ఎవరికో ఒకరికి చెబుతుంది.

సత్తిరాజు గారి కొట్టు ముందు బయటి రాష్ట్రం లారీ ఒకటి నిలబడి ఉంది. కాయలు ఎక్కిస్తున్నారు. ఆయన లుంగీ మడిచి కట్టి, రెండు చేతుల్లో రెండు కాయలు పట్టుకుని ఒకదానితో ఒకటి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నారు. చప్పుడు బట్టి లోపల ఏముందో చెప్పేస్తారట. నేను చూస్తుండగానే ఒక బస్తాలోంచి తీసిన కాయ వాయించి మొహం చిట్లించారు. పగలగొట్టిస్తే లోపల కుళ్లు. వెంటనే బస్తా మొత్తం నేల మీద కుమ్మరించమన్నారు. లారీ డ్రైవరు గోల పెట్టాడు. ఆయన వినలేదు. ఒక్కో కాయా మళ్లీ వాయించాకే ఎక్కనిచ్చారు.

"ఆయ్, రండి మేస్టారూ. ఎప్పుడొచ్చేరు? ఇంటి దగ్గర అందరూ కులాసాయేనా అండి?" అని అప్పుడు నా వైపు తిరిగారు. కుర్చీ వచ్చింది. బొండం వచ్చింది. మా ఊళ్లో యాభై పెట్టి కొనేదాన్ని అక్కడ నీళ్లలా పోస్తారు, ఆ ఒక్క విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

"మోర్మన్లకి ముగ్గురు భార్యలని చెప్పారట. మీకెవరు చెప్పారండీ?"

"అందరూ అంటన్నదేనండి."

"అందరూ అంటే?"

ఆయన ఫోన్ తీసి ఒక వీడియో చూపించారు. మలికిపురం కుర్రాడెవరో మాట్లాడుతున్నాడు. పైన బొమ్మలో కోటు వేసుకున్న ఒకాయన, ఆయన చుట్టూ ముగ్గురు ఆడవాళ్లు. "చూడండి, ఫోటోతో సహా పెట్టేడు. ఊరికే పెడతాడేటండి?"

"మీరు ఒక్క మోర్మన్‌నైనా చూశారా?"

"మనకెందుకండి చూడ్డం? ఆడపిల్ల విషయం. అనుమానమొస్తే చాలదాండి?"

పది రూపాయల కాయని వాయించకుండా లారీ ఎక్కనివ్వని మనిషి, తమ్ముడి కూతురి జీవితాన్ని ఫోన్‌లో కదిలే బొమ్మ చూసి తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. పైకి మాత్రం బొండం బాగుందని చెప్పి లేచాను.

నగరం దగ్గర, రోడ్డు మీద

శుక్రవారం మలికిపురం వెళ్లే ఆటో నగరం అనే ఊరు దాటకముందే పంక్చరైంది. దిగుతూ నా చెప్పు తెగింది. పొలాల గట్టున గ్యాస్ పైపులైను హెచ్చరిక బోర్డు నీడలో, ఒంటికాలి చెప్పుతో అరగంట నిలబడ్డాను. ఆ బోర్డు మీద ఇక్కడ తవ్వరాదు అని ఉంది. మా తోటి ప్రయాణికుల్లో ఒక పాస్టరు గారున్నారు, తెల్ల లాల్చీ, చంకలో బైబిలు. దొరక్క దొరక్క దొరికాడని తవ్వడం మొదలుపెట్టాను.

"మోర్మన్లా అండీ? అసలు వాళ్లు క్రైస్తవులే కాదండి" అన్నారాయన చిరునవ్వుతో. "బైబిలు మీద ఇంకో పుస్తకం పెట్టుకున్నారు. దూరంగా ఉండడం మంచిదండి."

"ఆ పుస్తకం చదివారా?"

"అయ్యో, అలాంటివి ముట్టుకోమండి."

"మరి వాళ్లలో ఎవరితోనైనా మాట్లాడారా?"

"రాజమండ్రి బస్టాండులో ఇద్దరు కుర్రాళ్లని చూశానండి. తెల్ల చొక్కా, టై, జేబు మీద పేరు. నేనే పక్కకి తప్పుకున్నాను."

ఒక్క విషయంలో ఆయన నిజాయితీని మెచ్చుకోవాలి, పెళ్లాల సంగతి అడిగితే "అది నాకు తెలీదండి" అన్నారు. ఆ ప్రయాణంలో "తెలీదు" అనే మాట అదే మొదటిసారి వినడం. తర్వాత ఆయనే తన సంచిలోంచి పిన్నీసు తీసి నా చెప్పుకి కుట్టినట్టు పెట్టిచ్చారు. అది రాజోలు దాకా వచ్చింది.

మలికిపురం

వీడియో కుర్రాడిని కనుక్కోవడం కష్టం కాలేదు. సెంటర్లో సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కొట్టు. వెనక గదిలో గోడకి ఆకుపచ్చ దుప్పటి కట్టి, దాని ముందు కూర్చుని లోకంలోని మతాలన్నిటి రహస్యాలూ బయటపెడుతుంటాడు. నన్ను చూసి అభిమానిననుకుని సంబరపడ్డాడు. సెల్ఫీ అడిగాడు. కాదనేలోపే తీసేసుకున్నాడు.

"ఆ ముగ్గురు భార్యల ఫోటో ఎక్కడిది బాబూ?"

"అదాండి? చీరల కొట్టు ప్రకటనలోదండి" అన్నాడు, ఏ మాత్రం సిగ్గు లేకుండా. "బొమ్మ లేపోతే ఎవరూ నొక్కరండి."

"మరి విషయం? అది కూడా చీరల కొట్టుదేనా?"

అతనికి కోపమొచ్చింది. నాకు కొంచెం సంతోషం కలిగింది. "విషయం నేను కల్పించలేదండి. అమలాపురంలో మా కోచింగ్ సెంటరు మేస్టారు క్లాసులో చెప్పేరు. గ్రూప్ టూకి ఆయన దగ్గరే చదివేను. నోట్సులో కూడా ఉందండి నాకు."

నోట్సు చూపించాడు. నిజంగానే ఉంది, గుండ్రటి అక్షరాల్లో, కింద రెండు గీతలతో. నేను ఆ కోచింగ్ సెంటరు పేరు చేతి మీద రాసుకుని, వంద పెట్టి ఫోన్‌కి ఒక కవరు కొన్నాను. అది నా ఫోన్‌కి పట్టదని బయటికొచ్చాక తెలిసింది.

రాజోలు అవతల

అక్కడిదాకా వచ్చాక ప్రవీణ్ ఇంటికి వెళ్లకపోతే బాగుండదు. నిజానికి ఇష్టం లేదు. వాళ్ల సంగతి వాళ్లనే అడిగితే ఏం చెబుతారు, బాగానే ఉన్నామంటారు. ఇంకో భయం కూడా ఉంది. మోర్మన్లు టీ, కాఫీ ముట్టుకోరని చదివాను. అప్పటికి పొద్దున్నించీ నా గొంతులో టీ చుక్క పడలేదు.

ప్రవీణ్ తల్లి నాగమణి గుమ్మంలో ఎదురొచ్చింది. నడివయసు మనిషి. గోడ మీద వేంకటేశ్వరస్వామి, పక్కన కాలం చేసిన భర్త ఫోటో. "కూకోండి అన్నయ్యగారూ, టీ పెడతాను" అంది.

"మీరు టీ తాగుతారా?"

"మావోడు తాగడండి. వాడి మతం వాడిది. నాకు రెండుపూట్లా పడాల్సిందే." గ్లాసు నిండా అల్లం టీ ఇచ్చింది. అంత మంచి టీ కోనసీమలో నాకింకెక్కడా దొరకలేదు.

ప్రవీణ్ చెరువు దగ్గర్నించి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. వినయంగా ఉన్నాడు, అది అక్కడ అందరికీ ఉన్నదే కాబట్టి నేను లెక్కలోకి తీసుకోలేదు. నేరుగా అడిగాను.

"మీ మతంలో ఎందరు భార్యలయ్యా?"

నవ్వుతాడనుకున్నాను, లేదా కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. "మొదట్లో ఉండేదండి" అన్నాడు. "మొదలుపెట్టినాయనకే చాలామంది భార్యలుండేవారు. మా చర్చివాళ్లే రాసి పెట్టేరు, దాచలేదండి. మానేసి వందేళ్ల పైనే అయ్యింది. ఇప్పుడెవరైనా రెండో పెళ్లాన్ని తెచ్చుకుంటే మా వాళ్లే వెలేస్తారు. అమెరికాలో విడిపోయిన చిన్న చిన్న గుంపులు ఇంకా చేస్తన్నారంటారు. వాళ్లు మాలో లేరండి."

"నువ్వు చెబితే నేను నమ్మాలా?"

"నమ్మొద్దండి. ఉండండి" అని లోపలికెళ్లి మూడు కాగితాల కట్టలు తెచ్చాడు. ఒకటి వాళ్ల చర్చి రాసుకున్నది. రెండోది ఆ మతం వదిలి వెళ్లిపోయినవాళ్లు రాసింది, అందులో తిట్లు కూడా ఉన్నాయి. మూడోది వాళ్ల మతానికి చెందని ఒక ప్రొఫెసరు రాసిన చరిత్ర. "నేను చేరేముందు ఈ మూడూ చదివేనండి. ఒకరంటే ఒకరికి పడనోళ్లు ముగ్గురూ ఒకటే మాటన్నచోట, అది నిజమని పెట్టుకున్నాను. తేడా ఉన్నచోట గుర్తు పెట్టేను."

అంచుల్లో పెన్సిలు గీతలు చాలానే ఉన్నాయి. నేను గుచ్చి గుచ్చి అడిగాను. బంగారు రేకుల మీద రాసిన గ్రంథాన్ని మీ మతం మొదలుపెట్టినాయనకి దేవదూత చూపించాడంటే ఎలా నమ్ముతావని వెటకారం చేశాను. "నేను నమ్ముతానండి. మీరు నమ్మక్కర్లేదు" అన్నాడు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసమట, ఆ భోజనం ఖర్చు లేనివాళ్లకి ఇస్తారట. పూర్వీకుల పేర్లు సేకరించడం కూడా వాళ్ల మతంలో ఉందట. బంధువుల ఇళ్లు తిరిగి ఏడు తరాల పేర్లు నోటుబుక్కులో రాసుకున్నాడు.

"మీ ముత్తాతగారి పేరేంటండి?" అని మాటవరసకి అడిగాడు.

ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినవాణ్ని. నోరు తెరిచాను, పేరు రాలేదు. చచ్చినవాళ్ల పేరున కూడా బాప్తిస్మం తీసుకుంటారటగా, చచ్చినా వదలరా మీరు అని దబాయించి మాట మార్చాను. అతను నొచ్చుకోలేదు. "తీసుకుంటామండి. ఒప్పుకోవడం, మానడం ఆ పోయినవాళ్ల ఇష్టమని మా నమ్మకం. మీ వైపు పేర్లు నేనెప్పుడూ అడగనండి" అన్నాడు. ఆ విషయం నాకు ఇప్పటికీ నచ్చలేదు. కానీ అడిగినదానికి జవాబు దాచని మనిషిని ఆ వారంలో నేను చూసింది అక్కడే.

వచ్చేటప్పుడు నాగమణి నా తెగిన చెప్పు చూసి కొడుకు చెప్పులు ఇచ్చింది. నాకు ఒక సైజు పెద్దవి.

అమలాపురం

మూడు కట్టలూ శనివారం బస్సులో చదివాను. పెళ్లాల విషయంలో మూడూ ఒకటే చెబుతున్నాయి, ప్రవీణ్ చెప్పినట్టే. ఇక మిగిలింది అబద్ధం పుట్టిన చోటు. దాన్ని పట్టుకుని, ఆ మనిషి చెవి మెలిపెట్టాకే ఫోన్ చెయ్యాలని నా పట్టుదల.

కోచింగ్ సెంటరు ఒక మిఠాయి కొట్టు పై అంతస్తులో ఉంది. క్లాసు జరుగుతోంది. చెమటలు కక్కుతూ, తొడలు ఆనించుకుని కూర్చున్న పిల్లలు బిట్లు వల్లె వేస్తున్నారు. మేష్టారు నా ఈడువాడే. నేను గుంటూరు నుంచి వచ్చాననీ, రిటైర్డ్ లెక్చరర్ననీ చెప్పాను, పేరు చెప్పలేదు. ఆయనకి కూడా ఆ ప్రశ్నే వేశాను.

"మీకెవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పడమేటండి?" అని ఆయన నొచ్చుకున్నారు. "నేను నోటిమాట చెప్పను. అచ్చులో లేనిది మా పిల్లలకి ఒక్క ముక్క చెప్పనండి." అలమారలోంచి గోధుమరంగు అట్ట వేసిన లావుపాటి పుస్తకం తీసి, వెతక్కుండానే ఆ పేజీ తెరిచారు. ఎన్నిసార్లు తెరిచారో, అది దానంతటదే విచ్చుకుంది.

*నేటికీ బహుభార్యాత్వాన్ని పాటించే మతస్థులు ఎవరు? 1. పార్సీలు 2. మోర్మన్లు 3. క్వేకర్లు 4. జైనులు.* పక్కన ఎర్ర ఇంకుతో రెండు చుట్టూ సున్నా.

"ఏ బుద్ధిలేనివాడు రాశాడండీ దీన్ని?" అన్నాను.

"అంత మాటనకండి. ఈయన పుస్తకంలో తప్పుండదండి. ఇరవయ్యేళ్లుగా వాడతన్నాను" అని మొదటి పేజీ తిప్పారు. నా పేరు. ఇంటిపేరుతో సహా, డిగ్రీలతో సహా.

కాసేపు కింద మిఠాయి కొట్టులో బూరెల వాసన తప్ప నాకేం తెలియలేదు. తర్వాత గుర్తొచ్చింది. పబ్లిషరు మర్నాటికల్లా మూడు వందల బిట్లు కావాలన్నాడు. నా దగ్గర పాత బిట్ బ్యాంకు ఒకటుంది, ఎవరిదో. అందులో ఈ బిట్టు ఉంది. అక్కడ ఉన్నది "ఒకప్పుడు". ఉన్నదున్నట్టు దించితే కాపీ అంటారని, మా వృత్తిలో అందరూ చేసేదే నేనూ చేశాను, ఒక మాట మార్చాను. "ఒకప్పుడు" కొట్టేసి "నేటికీ" అని రాశాను. మోర్మన్లంటే ఎవరో నాకప్పుడు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఆ ఒక్క మాట తరగతి గదిలోంచి నోట్సులోకి, నోట్సులోంచి వీడియోలోకి, అక్కడి నుంచి కువైట్‌కి వెళ్లి, తిరిగి మా లావణ్య కంచం దగ్గరికి వచ్చింది.

ఆ మేష్టారుకి నేనెవరో చెప్పలేదు. ధైర్యం చాల్లేదు, అంతే. జిరాక్సు తీసుకుంటానన్నాను. "పుస్తకమే పట్టుకెళ్లండి, మా దగ్గర ఇంకో ఇరవై ఉన్నాయి" అన్నారాయన మర్యాదగా.

మళ్లీ అంబాజీపేట

ఆదివారం పొద్దున కమల, లావణ్య, నేను సత్తిరాజు గారి కొట్టుకి వెళ్లాం. బావ అక్కడికే ఫోన్ చేస్తానన్నాడు. పుస్తకం నా చేతిసంచిలో ఉంది. దారిలోనే ఒక ఉపాయం పన్నాను. అది పొరపాటని మాత్రం చెబుతాను, ఎవరి పొరపాటో చెప్పను. ఆ పేరుతో ఎవరికీ పని లేదు కదా.

ఫోన్ మోగింది. సత్తిరాజు గారు స్పీకర్‌లో పెట్టారు. నేను మూడు కట్టల సంగతి చెప్పాను. ఒకప్పుడు ఉండేది, ఎప్పుడో మానేశారు, ఇప్పుడు లేదు అని తేల్చి చెప్పాను. బావ అంతా విని, "మరి అన్నయ్య అన్న మాటో?" అన్నాడు.

"అది ఏదో పుస్తకంలో తప్పు పడింది బావా."

"అచ్చులో ఉందా అండి?" సత్తిరాజు గారు కుర్చీలో ముందుకి జరిగారు. "అయితే మేస్టారూ, ఏవనుకోకండి. పుస్తకం రాసినాయన ఊరికే రాస్తాడేటండి? ఎంత చదువుకునుంటాడాయన! ఆయన ముందు మనమెంతండి? మీరు మేనకోడలి మీద ప్రేమ కొద్దీ అలా అంటన్నారు."

"అవును బావగారూ, అచ్చులో ఉంటే మరి" అంది కువైట్ గొంతు.

లావణ్య తలెత్తి నన్ను చూసింది. నా మాట మీద మానేస్తానన్న పిల్ల, నా మాట కోసమే చూస్తోంది. నాకు నా మీదే అసహ్యం వేసింది. నాలుగు రోజులుగా ఎదుటివాళ్ల మీద వేసుకుంటూ వచ్చిన అసహ్యం, మొత్తం ఒక్కసారే.

సంచిలోంచి పుస్తకం తీసి, మొదటి పేజీ తెరిచి సత్తిరాజు గారి ఒళ్లో పెట్టాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని నా పేరు చదివారు. నా మొహం చూశారు. మళ్లీ చదివారు.

"ఆ చదువుకున్నాయన నేనేనండి" అన్నాను. "తెలీకుండా రాశాను. వేరే పుస్తకంలోంచి దించి, కాపీ అని తెలియకుండా ఒక మాట మార్చాను. మార్చిన మాటే అబద్ధం."

కమల నోరు చేత్తో మూసుకుంది. ఫోన్‌లో బావ "ఏటంటన్నారన్నయ్యా?" అని రెండుసార్లు అడిగాడు. నేను పెన్ను తీసి ఆ బిట్టు అడ్డంగా కొట్టేసి, పక్కన ఇది తప్పు అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను. సత్తిరాజు గారు ఆ సంతకాన్ని వేలితో తడిమి చూసి, ఫోన్ దగ్గరికి తీసుకున్నారు.

"తమ్ముడూ, నేనన్నది తప్పంటరా. రాసినాయనే ఎదురుగా కూకుని తప్పని సంతకం పెట్టేరు. పిల్ల మాట కాదనకు." తర్వాత బావ, "లావణ్యని కడుపునిండా తినమనండి ముందు" అన్నాడు. ఆ పిల్ల పొద్దున తొమ్మిదింటికి అక్కడే కొబ్బరి బస్తా మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత సెంటర్లోకి తీసుకెళితే మూడు ప్లేట్ల పొట్టెక్కలు తింది.

వచ్చే మాఘమాసంలో పెళ్లి. పెళ్లికొడుక్కి కాఫీ ఉండదట, నాకూ వాళ్లమ్మకీ మాత్రం ఉంటుందట. ప్రవీణ్ చెప్పులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

బయలుదేరేటప్పుడు సత్తిరాజు గారు బస్సు దాకా వచ్చారు. నాకోసం ఒక సంచిలో కాయలు పెట్టించారు, ప్రతిదీ చెవి దగ్గర వాయించి. ఎక్కించాక కిటికీ దగ్గర నిలబడ్డారు. ఏదో అడగాలని, మర్యాద అడ్డొచ్చి ఆగుతున్నారని తెలుస్తోంది. బస్సు కదిలేముందు అడిగేశారు.

"మేస్టారూ, ఏవనుకోకండి. మా యాపారంలో బస్తాకి ఒక కాయ కుళ్లింది తగిలితే, బస్తా మొత్తం కుమ్మరించి వాయిస్తామండి." పుస్తకం ఇంకా ఆయన చంకలోనే ఉంది. "మరి ఇందులో మిగతాయో అండి?"

మిగతావాటిలో కూడా, దించిన ప్రతి బిట్టులో, ఒక్కో మాట మార్చాను.